రబ్బరు రణం – 9: ఆరు కార్ల పందెం

జరిగిన కథ: 2001లో మిషెలిన్ ఫార్ములా వన్‌లోకి తిరిగి రావడంతో బ్రిడ్జ్‌స్టోన్‌కు సరిజోడు దొరికింది. 2003 ఆగస్టులో హంగరీ రేసులో మొదటి ఏడు స్థానాలూ మిషెలిన్ టైర్ల కార్లవే. ఎనిమిదోవాడు ఫెరారీ డ్రైవరు మైకేల్ షూమాకర్, అదీ ఒక ల్యాప్ వెనకబడి. ఆ వెంటనే, మిషెలిన్ ముందు టైరు అరిగేకొద్దీ నేలను తాకే వెడల్పు 270 మిల్లీమీటర్ల హద్దు దాటుతోందని ఫెరారీ, బ్రిడ్జ్‌స్టోన్ వేలెత్తి చూపాయి. కొలిచే పద్ధతి మారింది. మిషెలిన్ హడావుడిగా ముందు టైరు మార్చుకుంది. మిగిలిన మూడు రేసులూ ఫెరారీ గెలిచింది. షూమాకర్ రెండే రెండు పాయింట్ల తేడాతో మెక్‌లారెన్ డ్రైవరు రైకోనెన్‌ను దాటి ఛాంపియన్ అయ్యాడు. ఇక చదవండి.

2004లో ఫెరారీ జైత్రయాత్ర చూసి ఫెరారీ అభిమానులకే విసుగు పుట్టింది. 18 రేసులు జరిగితే 15 ఆ జట్టువే. అందులో 13 ఒక్క షూమాకర్ ఖాతాలోవి. ఆదివారం సాయంత్రం టీవీ పెట్టేవాళ్లు ఎవరు గెలిచారని అడగడం మానేసి, రెండో స్థానం ఎవరిదని అడుగుతున్న రోజులవి.

ఈ గెలుపుల్లో కారు గొప్పతనం ఎంతుందో, టైరు ఏర్పాటు గొప్పతనమూ అంతే ఉంది. పెద్ద జట్లలో రెనో, మెక్‌లారెన్, విలియమ్స్ మిషెలిన్ పక్షాన చేరిపోయాయి. బ్రిడ్జ్‌స్టోన్‌కు మిగిలిన పెద్ద దిక్కు ఫెరారీ ఒక్కటే. అందుచేత జపాన్ ఇంజనీర్లు ఫెరారీ కారునే ముందు పెట్టుకుని టైరు తయారుచేశారు. ఫెరారీ కూడా సొంత టెస్ట్ ట్రాకుల మీద పగలనకా రాత్రనకా ఆ టైర్లను అరగదీసి లెక్కలు పంపింది. మిషెలిన్‌కు ఈ సౌకర్యం లేదు. దాని కింద అరడజను జట్లున్నాయి. ఒక జట్టుకు నప్పిన టైరు ఇంకో జట్టుకు నప్పదు. అందరికీ సర్దుబాటు చేసిన టైరు ఎవరికీ పూర్తిగా సొంతం కాదు.

అప్పటి పందెం నడక కూడా బ్రిడ్జ్‌స్టోన్‌కు కలిసొచ్చింది. ఇంధనం కోసం రెండుసార్లో మూడుసార్లో పిట్‌లోకి రావాలి. వచ్చినప్పుడల్లా నాలుగు కొత్త టైర్లు వేసుకోవచ్చు. అంటే ఒక టైరు ఇరవై ల్యాపులు బతికితే చాలు, ఆ ఇరవై ల్యాపుల్లో ప్రాణం పెట్టి పరుగెత్తాలి. పెన్సిల్ రబ్బరు మెత్తగా ఉంటే బాగా చెరుపుతుంది, తొందరగా అరిగిపోతుంది. గట్టిదైతే ఏళ్లు నిలుస్తుంది, చెరపడం మాత్రం అంతంతే. రేసు టైరు గుట్టంతా ఇంతే. మెత్తనిదాన్ని తరచూ మారుస్తూ పరుగెత్తే పందెంలో బ్రిడ్జ్‌స్టోన్, ఫెరారీ జోడీకి ఎదురులేకపోయింది.

క్రీడను నడిపే అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఐఏకి ఆ శీతాకాలంలో రెండు బెంగలు. కార్ల వేగం ఏటికేడు పెరిగిపోతోంది. ప్రేక్షకుల ఆసక్తి ఏటికేడు తగ్గిపోతోంది. రెండింటికీ ఒకే మందన్నట్టుగా 2005కి కొత్త నిబంధనలు వచ్చాయి. ఒకే ఇంజను రెండు రేసులు నిలవాలి. టైర్ల సంగతైతే మరీ కఠినం: క్వాలిఫయింగ్‌కు వేసుకున్న నాలుగు టైర్లతోనే 300 కిలోమీటర్ల పందెం మొత్తం ముగించాలి. పిట్‌లో ఇంధనం పోసుకోవచ్చు, టైరు ముట్టకూడదు. పంక్చరైతే, దెబ్బతింటే, వాన పడితే తప్ప.

కాగితం మీద చూస్తే ఇది మంచి ఆలోచనే. టైరు గట్టిపడితే పట్టు తగ్గుతుంది, పట్టు తగ్గితే మలుపుల్లో వేగం తగ్గుతుంది, ఖర్చూ కలిసొస్తుంది. కానీ ఒక్క వాక్యంతో పందెం స్వభావమే మారిపోయింది. అప్పటిదాకా వ్యూహం పిట్ గోడ మీద కూర్చున్న ఇంజనీరు చేతిలో ఉండేది: ఎప్పుడు పిలవాలి, ఎంత ఇంధనం పోయాలి, ఎన్నిసార్లు ఆపాలి. ఇప్పుడు సగం వ్యూహం డ్రైవరు పాదం కిందికి వెళ్లింది. బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం బిగుసుకుపోయి, టైరు ఒకే చోట రాసుకుని చదునుగా అరుగుతుంది. ఇదివరకైతే పదిహేను ల్యాపులు ఓర్చుకుంటే కొత్త టైరు వచ్చేది. ఇప్పుడు ఆ గాయంతోనే చివరిదాకా కాపురం చెయ్యాలి.

ఫలితం వెంటనే కనిపించింది. తొలి నాలుగు రేసులూ రెనో ఎగరేసుకుపోయింది. మొదటిది ఫిసికెల్లా, తర్వాతి మూడు అలోన్సో. ఎక్కువసేపు నిలిచే టైరు తయారీలో మిషెలిన్ చెయ్యి పైనే ఉందని తేలిపోయింది. నిరుడు 15 గెలిచిన ఫెరారీకి ఇప్పుడు ఒక్కటీ లేదు. ఇమోలాలో షూమాకర్ పదమూడో స్థానం నుంచి దూసుకొచ్చి, అలోన్సో వెనక సెకనులో అయిదో వంతు దూరంలో గీత దాటాడు. ఆ సీజన్లో ఫెరారీ అభిమానులు చెప్పుకోడానికి మిగిలింది ఆ ఓటమే.

అయితే మిషెలిన్ జట్లకూ ఈ నిబంధన మేనమామ ఏమీ కాదు. మొనాకోలో అలోన్సో వెనక టైర్లు ఎంత దారుణంగా అరిగిపోయాయంటే, చివరి ల్యాపుల్లో హైడ్‌ఫెల్డ్, వెబర్ నడిపిన రెండు విలియమ్స్ కార్లు అతణ్ణి పక్కకు నెట్టినంత పనిచేసి దాటేశాయి. మొనాకోలో ఒక కారును దాటడమే గగనమని రేసులు చూసేవాళ్లందరికీ తెలుసు. అలాంటిది ఒక్క కారును ఇద్దరు దాటారు. అలోన్సో నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నాడు. కారణం డ్రైవరు కాదు, ఇంజను కాదు, అరిగిన రబ్బరు.

మే 29, రెండు పందేలు

2005 మే 29 ఆదివారం రెండు ఖండాల్లో రెండు రేసులు జరిగాయి. వాటి మధ్య ఉన్న సంబంధం ఆ రోజు ఎవరికీ తట్టలేదు.

మొదటిది జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో. మెక్‌లారెన్ డ్రైవరు కిమి రైకోనెన్ ముందున్నాడు. ఒక ల్యాప్ వెనకబడిన జాక్ విల్‌నవ్‌ను దాటే తొందరలో బ్రేకు మీద బలం ఎక్కువైంది. ముందు కుడి టైరు చదునుపడింది. అక్కడి నుంచి కారు వణకడం మొదలుపెట్టింది. ల్యాప్ గడిచేకొద్దీ వణుకు పెరిగింది. టీవీలో చూస్తుంటే ఆ చక్రం కంటికి మసకగా కనిపించేంతగా ఊగిపోతోంది. ఆగి టైరు మార్చుకుంటే ప్రాణభయం పోతుంది, దాంతో పాటు గెలుపూ పోతుంది. వెనక అలోన్సో సెకన్లు కోసుకుంటూ వస్తున్నాడు. మెక్‌లారెన్ ఆగవద్దనే నిర్ణయానికొచ్చింది. ఆఖరి ల్యాప్ మొదటి మలుపు దగ్గర బ్రేకు వెయ్యగానే ఆ వణుకు తట్టుకోలేక సస్పెన్షన్ విరిగిపోయింది. చక్రం ఊగుతూ కారు ట్రాకు పక్కకు దొర్లింది. రేసు అలోన్సోది. ఛాంపియన్‌షిప్‌లో ఇద్దరి మధ్య తేడా 32 పాయింట్లకు చేరింది. రైకోనెన్ బతికి బయటపడ్డాడు కాబట్టి దాన్ని ఉత్కంఠభరితమైన ముగింపుగా అందరూ మెచ్చుకున్నారు. నాకైతే అది హెచ్చరికలాగే కనిపిస్తుంది. ప్రమాదమని తెలిసీ టైరు మార్చకుండా ఉండడమే లాభసాటి అయ్యేలా రాసిన నిబంధన మంచిది ఎలా అవుతుంది?

రెండోది అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో, ప్రఖ్యాతమైన ఇండీ 500. డాన్ వెల్డన్ గెలిచాడు. అక్కడ పరుగెత్తిన కార్లకు టైర్లిచ్చింది ఫైర్‌స్టోన్. 1988 నుంచి ఫైర్‌స్టోన్ బ్రిడ్జ్‌స్టోన్ ఇంటి సంస్థే. ఆ ట్రాకుకు 2004 రేసు తర్వాత కొత్తగా తారు పరిచారు. పైన వజ్రపు పళ్ల యంత్రంతో సన్నని గాళ్లు కోశారు. పట్టు బాగా పెరిగింది. ఆ కొత్త నేల టైరును ఎలా తింటుందో ఫైర్‌స్టోన్‌కు మే నెలంతా కళ్లారా తెలిసింది. ఇంట్లో ఒకరికి తెలిసిన సంగతి ఇంకొకరికి తెలియకుండా పోతుందా? మిషెలిన్‌కు మాత్రం ఆ నేల కొత్త. ఫార్ములా వన్ జట్లు అక్కడ ముందుగా టెస్టు చేసే వీలూ లేదు.

మూడు వారాల తర్వాత ఫార్ములా వన్ బిడారం అదే ఊళ్లో దిగింది.

పదమూడో మలుపు

ఇండియానాపొలిస్ స్పీడ్‌వే 1909 నాటిది. అసలు అది నాలుగు మలుపుల ఓవల్. నాలుగు కిలోమీటర్ల పొడవు, కార్లు ఎప్పుడూ ఎడమవైపే తిరుగుతాయి. 2000లో ఫార్ములా వన్‌ను రప్పించడానికి ఆ ఓవల్ కడుపులో వంకరటింకర రోడ్డు వేశారు. ఆ రోడ్డు నుంచి వచ్చిన కార్లు ఓవల్ మొదటి మలుపులోకి ఎక్కి, మామూలుగా అక్కడ తిరిగే దిశకు ఎదురుగా, కుడివైపుగా తిరుగుతూ ప్రేక్షకుల గ్యాలరీల ముందున్న సూటి రోడ్డు మీదికి వచ్చేవి. అలా ఎక్కే వాలు మలుపే పదమూడోది. వాలు తొమ్మిది డిగ్రీల చిల్లర.

అప్పటి ఫార్ములా వన్ క్యాలెండర్‌లో మరే మలుపుకూ లేని గుణం దీనికుండేది. డ్రైవరు యాక్సిలరేటర్ మీద కాలు తియ్యకుండా గంటకు సుమారు 300 కిలోమీటర్ల వేగంతో దాన్ని తిరిగేవాడు. సమతలం మీద మలుపు తిరిగితే టైరును పక్కకు లాగే బలం ఒక్కటే ప్రధానం. వాలు మీద తిరిగితే కారును నేలకేసి నొక్కే బలం కూడా తోడవుతుంది. కుడివైపు తిరిగేవారు గనుక భారమంతా ఎడమ టైర్ల మీద, అందులోనూ ఇంజను బలం మోసే వెనక ఎడమ టైరు మీద పడేది. టైరు పక్కగోడ ప్రతి చుట్టూ నలిగి, విప్పుకొని, మళ్లీ నలుగుతుంది. నలిగినకొద్దీ లోపలి దారాలు వేడెక్కుతాయి. పట్టు కోసం జట్లు గాలి కాస్త తక్కువ పెట్టుకుంటే ఆ నలుగుడు ఇంకా ఎక్కువ. పైకి టైరు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల పేగులు తెగుతుంటాయి.

2004లో మైకేల్ తమ్ముడు రాల్ఫ్ షూమాకర్ ఈ మలుపులోనే టైరు గాలి పోయి గోడను గుద్దుకున్నాడు. వెన్నెముక దెబ్బతిని ఆరు రేసులకు దూరమయ్యాడు. మరుసటేడు జూన్ 17 శుక్రవారం, ఈసారి టయోటా కారులో ప్రాక్టీసు చేస్తుండగా, అదే మలుపులో అదే మనిషి కారు వెనక ఎడమ టైరు తెగింది. మళ్లీ గోడ. అదృష్టం బాగుండి పెద్ద గాయాలు కాలేదు గానీ డాక్టర్లు రేసుకు ఒప్పుకోలేదు. అతని స్థానంలో టెస్ట్ డ్రైవరు రికార్డో జోంటా కూర్చున్నాడు. జోంటాకు కూడా ఆ రోజు టైరు దెబ్బతిన్నది.

ఆ రాత్రి మిషెలిన్ వాళ్లు నిద్రపోలేదు. వాడిన టైర్లను కోసి చూశారు. టయోటాకే కాక మరికొన్ని జట్ల టైర్లలోనూ అదే జబ్బు తొలిదశలో కనిపించింది. ఫ్రాన్స్‌లోని క్లేర్మాఁ ఫెరాఁలో ఉన్న ప్రధాన కేంద్రంలో యంత్రాల మీద అవే టైర్లను తిప్పి చూశారు. బార్సిలోనా రేసుకు వాడిన రకం టైర్లను విమానంలో రప్పించే ఏర్పాటు చేశారు. పరీక్షిస్తే వాటిదీ అదే గతి. శనివారం క్వాలిఫయింగ్‌లో, చిత్రం చూడండి, టయోటా డ్రైవరు యార్నో ట్రుల్లి మొదటి స్థానం సంపాదించాడు. ఆ జట్టు చరిత్రలో అదే తొలి పోల్. తన టైరు ఎన్ని ల్యాపులు బతుకుతుందో తెలియని డ్రైవరుకు గ్రిడ్‌లో పెద్దపీట దక్కింది.

మిషెలిన్ రేసింగ్ అధిపతి పియేర్ ద్యుపాస్కియే, ఆయన సహచరుడు నిక్ షోరాక్ రేసు డైరెక్టరు చార్లీ వైటింగ్‌కు ఉత్తరం రాశారు. పదమూడో మలుపులో వేగం తగ్గిస్తే తప్ప మా టైర్లు క్షేమమని హామీ ఇవ్వలేమన్నది దాని సారాంశం. ఒక టైరు కంపెనీ తన సరుకును తానే నమ్మలేనని రాతపూర్వకంగా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఆ నిజాయితీకి మాత్రం దండం పెట్టాలి.

ఆదివారం పొద్దున

ఆదివారం పొద్దున జరిగిన మంతనాల్లో ఫార్ములా వన్ వ్యాపార సారథి బెర్నీ ఎకిల్‌స్టోన్, ట్రాకు యజమాని టోనీ జార్జ్, జట్ల అధిపతులు కూర్చున్నారు. ఫెరారీ అధిపతి జాన్ టోడ్ రాలేదు. ఎఫ్‌ఐఏ అధ్యక్షుడు మాక్స్ మోస్లీ అసలు ఊళ్లోనే లేడు, ఫోనులో ఉన్నాడు.

మిషెలిన్ జట్లు అడిగింది ఒక్కటే. పదమూడో మలుపుకు ముందు షికేన్ పెట్టండి, అంటే టైర్ల గుట్టలో దిమ్మెలో అడ్డం పెట్టి కార్లు మెలికలు తిరుగుతూ నెమ్మదించేలా చెయ్యండి. పాయింట్లు మాకు వద్దు, బ్రిడ్జ్‌స్టోన్ కార్లనే ముందు వరసలో నిలబెట్టుకోండి, వచ్చిన జనానికి పందెం చూపిద్దాం అన్నదాకా బేరం వెళ్లిందని మినార్డీ యజమాని పాల్ స్టాడార్ట్ తర్వాత బయటపెట్టాడు. పదింటిలో తొమ్మిది జట్లు షికేన్‌కు తల ఊపాయి. ఫెరారీ ఊపలేదు. ఇది ఎఫ్‌ఐఏ, మిషెలిన్ తేల్చుకోవాల్సిన వ్యవహారం, మాకేం సంబంధం అన్నది దాని వాదన.

ఎఫ్‌ఐఏ మాటలోనూ న్యాయం లేకపోలేదు. సరైన టైరు తెచ్చిన వాళ్ల కోసం కాకుండా తప్పు టైరు తెచ్చిన వాళ్ల కోసం ట్రాకు మార్చడమేమిటి? పరీక్షించని షికేన్ దగ్గర ఎవరికైనా ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది? అందుకని మూడు దారులు చూపించింది. ఆ మలుపులో మీ డ్రైవర్లను నెమ్మదిగా వెళ్లమనండి. లేదా ప్రతి ల్యాపూ ఆ మలుపును తప్పించి పిట్ లేన్ గుండా వెళ్లండి. లేదా క్షేమం కోసం కావలసినన్నిసార్లు టైర్లు మార్చుకోండి. నిజం చెప్పాలంటే పిట్ లేన్ దారిలో వెళ్లినా కొన్ని పాయింట్లు దొరికేవి. అప్పట్లో ఎనిమిదో స్థానం దాకా పాయింట్లుండేవి, బ్రిడ్జ్‌స్టోన్ కార్లు ఆరే. కానీ పధ్నాలుగు కార్లు బస్టాండులోకి బస్సుల్లా వరసగా వచ్చిపోతుంటే ఏ జట్టు ముఖం ఎక్కడ పెట్టుకుంటుంది? నెమ్మదిగా వెళ్లమంటే, పక్కవాడు నెమ్మదిస్తాడన్న నమ్మకం ఏ డ్రైవరుకుంటుంది? 300 వేగంతో ఒకడు, 200 వేగంతో ఒకడు ఒకే వాలు మీద ఉంటే అది టైరు తెగడం కన్నా పెద్ద ప్రమాదం.

మినార్డీ, జోర్డాన్ జట్లు బ్రిడ్జ్‌స్టోన్ వాడకందార్లే అయినా మొదట మిషెలిన్ జట్ల వైపే మొగ్గాయి. చివరి ఘడియలో జోర్డాన్ మేమైతే పరుగెత్తుతామంది. ఎదురుగా పోటీదారు పాయింట్లు ఏరుకుంటుంటే చేతులు కట్టుకుని చూడలేక మినార్డీ కూడా దిగింది. చిన్న జట్లకు ఒక పాయింటు అంటే మరుసటేడు పంపకాల్లో వచ్చే డబ్బు. వాళ్లను తప్పుపట్టలేం.

లక్ష మందికి పైగా జనం. కూలర్లలో సోడాలు, బీర్లు సర్దుకుని, పిల్లల్ని వెంటేసుకుని, వందల మైళ్లు కార్లు నడుపుకుంటూ వచ్చినవాళ్లు. 2000లో ఇదే ట్రాకు మీద ఇండీ 500 గెలిచిన మెక్‌లారెన్ డ్రైవరు మొంటోయాను చూడ్డానికి కొలంబియా జెండాలు పట్టుకొచ్చిన గుంపులు. వీళ్లెవరికీ లోపల జరుగుతున్న బేరాల సంగతి సరిగ్గా తెలియదు. గ్రిడ్ మీద ఇరవై కార్లూ కళకళలాడుతూ నిలబడ్డాయి. అసలు పందేనికి ముందు తిరిగే ఫార్మేషన్ ల్యాప్ మొదలైంది. ఇరవై కార్లూ కదిలాయి. ల్యాప్ చివర పదమూడో మలుపు దగ్గరికొచ్చేసరికి, అందరికన్నా ముందున్న ట్రుల్లి కుడివైపు పిట్ లేన్‌లోకి తిరిగాడు. అతని వెనకే ఇంకొకరు, ఆ వెనకే ఇంకొకరు, మొత్తం పధ్నాలుగు కార్లు. గ్రిడ్‌కు తిరిగొచ్చినవి ఆరు. అయిదో గడిలో షూమాకర్, ఏడో గడిలో ఫెరారీ రెండో డ్రైవరు బారికెల్లో, మధ్యలో అంతా ఖాళీ, ఎక్కడో చిట్టచివర రెండు జోర్డాన్లు, రెండు మినార్డీలు. ఎర్ర దీపాలు ఆరిపోయాయి. పందెం మొదలైందని ప్రకటించారు.

గ్యాలరీల నుంచి మొదట ఆశ్చర్యం, తర్వాత ఈలలు, ఆ తర్వాత బూతులు. సీసాలు, డబ్బాలు ట్రాకు మీద పడ్డాయి. సగం పందెం కాకముందే జనం లేచి వెళ్లిపోసాగారు. 73 ల్యాపుల్లో చెప్పుకోదగ్గ ఘట్టం ఒక్కటే. పిట్ నుంచి బయటికొస్తున్న షూమాకర్, సూటి రోడ్డు మీద వస్తున్న బారికెల్లో మొదటి మలుపు దగ్గర ఒకరి మీదికొకరు వచ్చారు. బారికెల్లో గడ్డిలోకి దిగాల్సి వచ్చింది. పోటీ ఇద్దరిదే అయినా ఆ ఇద్దరూ గుద్దుకున్నంత పని చేశారు. చివరికి షూమాకర్ ఒకటిన్నర సెకన్ల తేడాతో గెలిచాడు. ఆ ఏడాది ఫెరారీ గెలిచిన ఏకైక రేసు ఇదే.

మూడో స్థానం జోర్డాన్ డ్రైవరు పోర్చుగల్ వాడు టియాగో మొంటేరోది. పోడియం మీద ఫెరారీ డ్రైవర్లిద్దరూ షాంపేను ఊసెత్తకుండా తల దించుకుని వెళ్లిపోతే, మొంటేరో ఒక్కడే నిలబడి పండగ చేసుకున్నాడు. చూసినవాళ్లలో కొందరికి అది వెకిలిగా తోచింది. నాకలా అనిపించదు. ఫార్ములా వన్ పోడియం మళ్లీ ఎక్కే రాత అతనికి లేదు, జోర్డాన్ జట్టుకూ అదే ఆఖరి పోడియం.

నాలుగో స్థానం మనవాడిది. కోయంబత్తూరు నరైన్ కార్తికేయన్ ఆ ఏడాది మార్చిలో మెల్‌బోర్న్‌లో ఫార్ములా వన్‌లో పరుగెత్తిన తొలి భారతీయుడయ్యాడు. ఇండియానాపొలిస్‌లో అయిదు పాయింట్లు తెచ్చుకుని, పాయింట్లు సాధించిన తొలి భారతీయుడూ అయ్యాడు. ఆరుగురే పరుగెత్తిన పందెంలో నాలుగో స్థానం ఏం గొప్ప అని పెదవి విరిచినవాళ్లు మన దేశంలోనే ఎక్కువమంది. అయితే ఆ ఆరు కార్లూ గీత దాటాయి, ఒక్కటీ చెడిపోలేదు. కార్తికేయన్ వెనక మినార్డీలు రెండూ ఉన్నాయి. జోర్డాన్ లాంటి బలహీనమైన కారులో మామూలు ఆదివారం ఎనిమిదో స్థానం కూడా పగటికలే. దొరికిన రోజున తప్పు చెయ్యకుండా ఇంటికి తెచ్చుకోవడం కూడా డ్రైవరు పనే.

ఎవరి తప్పు?

పంచాయితీ వారాల తరబడి సాగింది. మిషెలిన్ టికెట్ల డబ్బు వెనక్కిస్తామంది. 2006 రేసుకు 20,000 టికెట్లు కొని, ఈసారి వచ్చినవాళ్లకు పంచుతామనీ ప్రకటించింది. జూన్ 29న ఎఫ్‌ఐఏ మండలి ఏడు మిషెలిన్ జట్లనూ బోనులో నిలబెట్టి కొన్ని అభియోగాల్లో దోషులంది. జూలైలో కొత్త ఆధారాలు చూసి వదిలేసింది. క్షేమం కాదని తెలిసిన టైరు మీద డ్రైవరును పంపితే చట్టం ఊరుకోదని జట్లు నిరూపించుకోగలిగాయి.

తప్పు ముందుగా మిషెలిన్‌దే. ఒక్క మలుపును తక్కువ అంచనా వేసింది. బ్రిడ్జ్‌స్టోన్ టైరు అదే మలుపులో నిలిచింది కాబట్టి అసాధ్యమని సాకు చెప్పే వీలు లేదు. అలాగని నిబంధనను పూర్తిగా వదిలెయ్యనూ లేం. ఎక్కువ దూరం నిలవాలి, అదే సమయంలో పోటీదారు కన్నా వేగంగా ఉండాలి అన్న రెండు ఒత్తిళ్ల మధ్య ఇంజనీర్లు టైరు బలాన్ని చివరి అంచుదాకా గీకారు. రేసు వారాంతంలో తప్పు తెలిస్తే దిద్దుకునే సందు నిబంధన ఉంచలేదు. ఇక ఆదివారం పొద్దున దొరికిన ఆఖరి సందును మూసింది మాత్రం వైరమే. ఎనిమిది రేసుల్లో ఒక్కటీ గెలవని ఫెరారీ శత్రువుకు చెయ్యి అందిస్తుందా? మిషెలిన్ జట్లు పిట్ లేన్‌లో వరస కట్టి పరువు పోగొట్టుకుంటాయా? మోస్లీ తన మాట వెనక్కి తీసుకుంటాడా? టైరు జూన్ 17న తెగింది. పందెం తెగింది 19న, ఈ ముగ్గురి పట్టుదల మధ్య. డబ్బు పెట్టి వచ్చిన ప్రేక్షకుడు ఆ గదిలో ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ సీజన్‌ను అలోన్సో 133 పాయింట్లతో గెలిచి, అప్పటికి అందరికన్నా చిన్న వయసు ఛాంపియన్ అయ్యాడు. రైకోనెన్ 112 దగ్గర ఆగాడు. టైర్లు మార్చకూడదన్న నిబంధన ఒక్క ఏడాదికే అటకెక్కింది. 2006లో పిట్‌లో మళ్లీ చక్రాలు మారాయి. టైర్లిచ్చే కంపెనీ ఒక్కటే ఉండాలన్న ఆలోచన ఎఫ్‌ఐఏలో బలపడుతుంటే, పోటీ లేని చోట మాకు పనిలేదన్నట్టు మిషెలిన్ 2005 డిసెంబరులోనే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. 2006లో అలోన్సోకు రెండో టైటిల్ కట్టబెట్టి, తలెత్తుకునే వెళ్లిపోయింది. 2007 తర్వాత ఇండియానాపొలిస్‌లో ఫార్ములా వన్ రేసు జరగలేదు.

పోటీదారు లేని బ్రిడ్జ్‌స్టోన్ ఏం చేసింది? ఎప్పటికీ అరగనంత భద్రమైన టైర్లు చేసింది, పందేలు చప్పబడ్డాయి. ఆ తర్వాత 2010 జూన్‌లో మాంట్రియల్ ట్రాకు మీద ఆ భద్రమైన టైర్లే అనుకోకుండా చకచకా అరిగిపోయాయి. పందెం అద్భుతంగా సాగింది. దాన్ని చూసి క్రీడ పెద్దలకు ఒక విచిత్రమైన కోరిక పుట్టింది: కావాలనే అరిగిపోయే టైరు చేసిపెట్టే కంపెనీ కావాలి. 2011లో ఆ పనికి ఒప్పుకుని వచ్చిన ఇటలీ కంపెనీ పిరెల్లి కథ, 2013లో సిల్వర్‌స్టోన్‌లో దానికి ఎదురైన చేదు అనుభవం వచ్చే భాగంలో.